పెరటి కోళ్ళు – గ్రద్దల బెడద

కోడి పొదుగునకు కూర్చుండిన యింట ఇరువదియొక్క దినములు ఆశ. పిల్లలు దిగిన పిమ్మట నలువది దినములు భయము. పండ్రెండు గ్రుడ్లకు పది పిల్లలైనవని సంతసించిన గృహిణి, నెల తిరుగునప్పటికి మూటినో నాల్గింటినో లెక్కించుకొని, తక్కినవి గ్రద్ద తన్నుకొని పోయినదని చెప్పుట మన పల్లెలలో సర్వసాధారణము. ఈ నష్టము స్వల్పమని పురుషులు దానిని లెక్కలో వ్రాయరు. కళ్ళములో ఒక బస్తా ధాన్యము తఱిగినచో పదిమందితో చెప్పుకొందుము. పెరటిలో ఏడు పిల్లలు పోయినచో నవ్వి యూరకుందుము. ఆ యేడింటిలో నాలుగు పెట్టలైనను అయియుండునుగదా, ఆ పెట్టలు మరల ఎన్నిమాఱులు పొదిగియుండునుగదా యని యోచించువారు మిక్కిలి తక్కువ.

మా వీధి చివర నొక వృద్ధురాలు మనుమరాలితో కాపురముండును. సెంటు భూమి లేదు. రెండు నాటుపెట్టలే ఆమెకు పాడియు పంటయు. 2023 వేసవిలో ఆమె పెట్ట దింపిన పదునొకండు పిల్లలలో ఎనిమిది పోయినవి. పరామర్శకు పోయిన నాతో ఆమె యిట్లనినది: "గద్దకూ పిల్లలున్నాయి నాయనా, దాన్ని నేను తిట్టను. కాని మా పిల్ల బడి పుస్తకాలు ఆ గంప కిందే ఉన్నాయి." ఆ మాట నన్ను విడువలేదు. అప్పటినుండి రెండు వేసవులు నేను మా పెరటిని, ఆమె పెరటిని కనిపెట్టి చూచుచు, తెలిసినవారి నడిగి, చేసిన తప్పులను దిద్దుకొనుచు నేర్చుకొన్న సంగతులే యీ వ్యాసము.

మొదట దొంగ యెవరో తెలిసికొనవలెను. మనము ఆకాశమున రెక్కచాచి తిరుగు ప్రతి పక్షిని గ్రద్ద యందుము. ఇది పెద్ద పొరపాటు. సాధారణమగు నల్లగ్రద్ద ముదురు గోధుమ వన్నె కలది. తోక చివర చీలియుండును. రెక్కలు విప్పినచో ఐదడుగుల వెడల్పు కనబడును గాని, దాని బరువు కిలోకు లోపే. కావున అది పెరిగిన కోడిని ఎత్తుకొనిపోజాలదు. ఎత్తుకొనిపోవునది పిడికెడు పిల్లనే. దాని ముఖ్యాహారము చచ్చిన యెలుకలు, చేపల వ్యర్థము, మాంసపు దుకాణముల యొద్ద పారవేయు ప్రేగులు మొదలగునవి. ఒకవిధముగా అది మన యూరి పారిశుధ్యపు పనివాడే. మైదానముగా నున్న పెరటిపై నుండి జారి, నేలను తాకియు తాకక, గోళ్ళతో పిల్లను తన్నుకొని, ఆగక పోవుట దాని పద్ధతి. దానికి దిగుటకును లేచుటకును చోటు కావలెను. ఈ మాట పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ముందు చెప్పబోవు ఉపాయములలో సగము దీనిమీదనే యాధారపడియున్నవి.

డేగ వేఱు. జాలెడేగ యని మన పెద్దలు పిలుచు నీ పక్షి పావురమంతయే యుండును. వీపు బూడిదవన్నె, ఱొమ్మున సన్నని యెఱ్ఱని అడ్డచారలు, పొడవైన తోకకును చారలే. ఇది ఆకాశమున తిరుగుచు కనబడదు. వేపచెట్టు కొమ్మలలోనో, చింత గుబురులోనో నిశ్చలముగా కూర్చుండి, అదను చూచి బాణమువలె దూసికొని వచ్చును. పొట్టిరెక్కలగుటచే ఇంటి చూరు క్రిందను, కొమ్మల సందునను దూఱగలదు. తొండలు, బల్లులు, పిచ్చుకలు, ఉడుతలు దాని నిత్యాహారము; చిన్న కోడిపిల్ల దొరకిన విడువదు. పూర్వము మన దేశమున వేటగాండ్రు దీనిని మచ్చికచేసి కౌజులను పట్టించెడివారు. మనిషికి వెఱవని పక్షి. మనము పది గజముల దూరమున కూర్చుండియుండగనే మా పెరటిలో పిల్లను పట్టినది.

డేగను పోలిన మఱియొక పక్షి గలదు. అది కోకిలజాతికి చెందినది. వేసవిలో రేయింబవళ్ళు గొంతు హెచ్చించి హెచ్చించి కూయును. వన్నెయు, చారలును, ఎగురు తీరును అచ్చముగా డేగవే. అది తినునది గొంగళిపురుగులను. పాపము, ఆకారము వలన రాళ్ళదెబ్బలు తినుచున్నది. అట్లే పొలముపై ఒక్కచోట ఆకాశమున నిలిచి రెక్కలాడించు తెల్లని చిన్న గ్రద్ద, ఎఱ్ఱని కన్నులు గలది, కోళ్ళ జోలికి రాదు. ఎలుకలను, చిట్టెలుకలను తినును. వరిచేనులో ఎలుకలకు మందు పెట్టుటకై డబ్బు వెచ్చించు రైతు ఈ పక్షిని తోలివేసికొనుట కంటె తెలివిమాలిన పని లేదు. ఇఁక తెల్లని తల, ఇటుకవన్నె మేను గల గరుడపక్షి చెరువులయొద్దను, సముద్రతీరమునను చేపలను, పీతలను తినుచు బ్రతుకును. ఎప్పుడైన నొక పిల్లను పట్టిన పట్టవచ్చును గాని, దానిని చూచి చెంపలు వేసికొను మనవారు ఆ తప్పును మన్నించియే యున్నారు.

నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర 1862వ సంవత్సరము మొదలు ప్రకటించిన పక్షిగ్రంథమున తెలుగు పేర్లను కూడ చేర్చియున్నాడు. పిట్టలు పట్టువారు, వేటగాండ్రు చెప్పగా వ్రాసికొన్న పేర్లవి. ఒక్కొక్క గ్రద్దకు ఒక్కొక్క పేరు పెట్టగలిగిన ఆ పూర్వుల కన్ను మనకు పోయినది. కన్ను పోయిన చోట అనుమానము మిగిలినది.

అన్ని నష్టములను గ్రద్ద నెత్తిన రుద్దుట సరికాదు. పట్టపగలు పిల్ల ఆనవాలు లేకుండ మాయమైనచో గ్రద్దగాని, డేగగాని, కాకిగాని, పిల్లిగాని కావచ్చును. పుట్టిన వారము దినములలోపు పిల్లలను కాకి కూడ ఎత్తుకొనిపోవునని చాలమంది యెఱుగరు. ఒకచోట ఈకలు గుండ్రముగా పీకి పడవేసి, అక్కడనే మాంసము తినిన గుర్తులున్నచో అది డేగజాతి పని. రాత్రివేళ గూటిలో రెండు మూడు కోళ్ళు మెడ కొఱుకబడి చచ్చి, మాంసము మిగిలియున్నచో అడవిపిల్లినో, పునుగుపిల్లినో అనుమానింపవలెను. గ్రద్ద రాత్రి తిరుగదు. గ్రుడ్లు పెంకుతో సహా కనబడకపోయినచో పాము మ్రింగియుండును. ఆ వృద్ధురాలి యెనిమిది పిల్లలలో, తరువాత జాగ్రత్తగా విచారింపగా, గ్రద్దకు పోయినవి మూడే, రెండు డేగకు, ఒకటి కాకికి, తక్కిన రెండును తెల్లపాఱుడు పట్టి కునికి చచ్చినవి. వానినే కుక్క ఈడ్చుకొనిపోగా అవియు గ్రద్ద పద్దులో చేరినవి. కొక్కెర తెగులు అని మనవారు పిలుచు రాణీఖేత్ వ్యాధి గ్రద్దలన్నియు కలిసి చేయలేని నాశమును మూడు దినములలో చేయును. పిల్లలకు ఐదు మొదలు ఏడు దినముల మధ్య లసోటా చుక్కలు, ఎనిమిది వారములకు మరల సూది వేయింపక, ఆకాశమువైపు చూచి తిట్టుట నిష్ప్రయోజనము. జబ్బుపడి వెనుకబడిన పిల్లయే మొదట గ్రద్దకు చిక్కునను మాట కూడ నిజమే.

గ్రద్ద సంవత్సరము ఎట్లు గడచునో తెలిసినవానికి భయపడవలసిన నెలలు తెలియును. మన ప్రాంతములలో అది ముఖ్యముగా జనవరి, ఫిబ్రవరి నెలలలో ఎత్తైన చెట్లమీద పుల్లలతో గూడు కట్టి రెండు మూడు గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు నెలదినములు పొదుగును. పిల్లలు దాదాపు రెండు నెలలు గూటిలోనే యుండును. అనగా మాఘమాసమునుండి వైశాఖమువఱకు దానికి ఇంటినిండ ఆకలి. డేగ మార్చి మొదలు జూన్ వఱకు గూడు పెట్టును. దాని గ్రుడ్లు పొదుగుటకు పట్టుకాలము పదునెనిమిది మొదలు ఇరువదియొక్క దినములు. మన కోడికి పట్టు కాలమే. సరిగా ఈ నెలలలోనే మన పెరడులలో చిక్కుడుపాదులు ఎండిపోయి, కంచెలు పలుచబడి, నేల బోడిగా నుండును. దాగుటకు పిల్లకు చోటుండదు. కావున చలికాలపు మొదటిలో, అనగా కార్తీక మార్గశిరములలో, పిల్లలను దింపించుకొన్నచో గ్రద్దకు ఆకలి హెచ్చునప్పటికి అవి రెండు నెలలు దాటి, పరుగెత్తి ప్రాణము కాపాడుకొనగలవు. వేసవిలో పొదిగింపవలసినచో కప్పు క్రింద పెంచుట తప్ప వేఱు మార్గము లేదు.

ఇచ్చట ఒక దుఃఖకరమగు విషయము చెప్పవలసియున్నది. ఆ వేసవియందే మా యూరిలో నొక రైతు, చచ్చిన కోడిపిల్లలో పురుగులకు చల్లు గుళికల మందు కూరి, గడ్డివాముపై పెట్టెను. గ్రద్ద దానిని తాకినదో లేదో యెవరును చూడలేదు. కాకి ముక్కున గఱచి తెచ్చి ప్రక్క పెరటిలో జారవిడువగా, దానిని పొడిచిన మూడు పెట్టలును, నాకిన కుక్కయు సాయంత్రమునకు చచ్చినవి. ఆ పెరటిలోనే రెండేండ్ల బిడ్డ ఆడుకొనుచుండెను. తల్లి చంక నెత్తుకొనుట క్షణమాలస్యమైనచో ఏమయ్యెడిదో తలచుకొన్న నొడలు గగుర్పొడుచును. అతడు దుష్టుడు కాడు. ఆఱు పిల్లలు పోయి విసిగినవాడు. ఆ పెట్టల యజమానితో అతనికి నేటికిని మాటలు లేవు.

విషము పెట్టినవాని చేతిలో నుండదు. మన రాబందుల సంగతి అందఱకు తెలియవలసినదే. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ పశువు చచ్చిన పిమ్మట కళేబరమును తినిన రాబందుల మూత్రపిండములను చెడగొట్టి, వానిని దేశమున దాదాపు లేకుండ చేసినది. 2006లో పశువులకై ఆ మందును చేయుట నిషేధించునప్పటికే ఆలస్యమైపోయినది. రాబందులను చంపవలెనని యెవరును తలపలేదు. తలపకయే చంపితిమి.

చట్టము మాట కూడ తెలిసియుండవలెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము గ్రద్దలను, డేగలను, గుడ్లగూబలను చంపుట, పట్టుట, విషము పెట్టుట, గూళ్ళు పాడుచేయుట, గ్రుడ్లు తీయుట నేరములు. 2022లో చట్టమును సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలుపఱచినప్పుడు పట్టికలు మాఱినవి గాని ఆ రక్షణ తొలగలేదు. జైలుశిక్షయు, జరిమానాయు గలవు. చెట్టెక్కి గూడు పడద్రోయించిన పెద్దమనుష్యులు దీనిని చదివి మఱచిపోకుందురుగాక.

ఇఁక పిల్లలను కాచుకొను విధానము. మొదటి కావలి తల్లికోడి. నాటుపెట్టను గమనింపుడు, మేయుచు మేయుచు తల ప్రక్కకు వంచి ఒక కంటితో ఆకాశమును చూచుచుండును. పైనుండి శత్రువు వచ్చినచో దాని కూత వేఱు. నేలమీద పిల్లియో కుక్కయో వచ్చినచో వేఱు. పైవానికి ఒక్కమాఱు సన్నగా, దీర్ఘముగా హెచ్చరించి నిశ్శబ్దమగును. నేలవానికి కొక్కొక్కొ యని విడువక అఱచును. మొదటి కూత వినిన పిల్లలు దగ్గఱనున్న చాటుకు చేరి కదలక యుండును. రెండవ కూతకు తలలెత్తి చూచును. పుంజుకు కూడ ఈ రెండు కూతలును గలవు. పెట్టలు సమీపమున నున్నప్పుడే అది యెక్కువగా హెచ్చరించునని పరీక్షించి చూచినవారు చెప్పుచున్నారు. కావున పుంజులన్నింటిని అమ్మివేసి పెట్టలను మాత్రముంచుకొన్న పెరడు కావలివాడు లేని కళ్ళము వంటిది. అసీలు జాతి పెట్టలు పిల్లలను కాచుటలో పేరుపడినవి. మీదికి వచ్చిన గ్రద్దను రెక్కలు విదల్చి ఎగిరి తన్నిన అసీలు పెట్టను నేను స్వయముగా చూచియున్నాను.

చిక్కెక్కడ వచ్చుచున్నదనగా, ఈ నడుమ మనము యంత్రముపై పొదిగిన పిల్లలను కొని తెచ్చుకొనుచున్నాము. రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులును, పశువైద్య విశ్వవిద్యాలయమువారి రాజశ్రీయు పెరటి పెంపకమునకు మంచివే. పొడవైన కాళ్ళతో పరుగెత్తగల శక్తియు, నేలలో కలిసిపోవు రంగురంగుల యీకలును ఆ జాతులకు కోరి చేర్చిన గుణములు. తెల్లకోడి బోడినేలపై ఎంత దూరమునకైనను కనబడును. దానిని పెరటిలో విడుచుట గ్రద్దకు కబురు పంపుటయే. అయినను యంత్రపు పిల్లకు తల్లి లేదు. ఆకాశమువైపు చూడుమని చెప్పినవారు లేరు. మా యింట తొలిసారి ఇరువది వనరాజా పిల్లలను తెచ్చి, దీపపు వెచ్చన నెలదినములు పెంచి, చక్కగా నున్నవిగదా యని ఒకనాటి ఉదయమున పెరటిలోనికి విడిచితిని. పదిదినములలో ఏడు పోయినవి. ఆ జాతులను ఆఱువారములు లోపలనే పెంచి పిమ్మట విడువవలెనని చెప్పియే యిచ్చిరి, నేనే తొందరపడితిని. మేత ఖర్చు తగ్గించుకొనవలెనను లోభము.

ఆ తప్పు తరువాత మా యింటివారు కనిపెట్టిన ఉపాయము అనేకులకు పనికివచ్చును. నాటుపెట్ట పొదుగుచున్నప్పుడే యంత్రపు పిల్లలను తెప్పించుటకు దినము చూచుకొనవలెను. పెట్ట తన పిల్లలను దింపిన దినముననో, మఱునాడో రాత్రివేళ చీకటిలో ఒకదినము వయస్సు గల యంత్రపు పిల్లలను ఐదాఱింటిని దాని రెక్కలక్రిందికి మెల్లగా జార్చవలెను. తెల్లవాఱునప్పటికి అది అన్నింటిని తనవిగానే యెంచును. పగలు పెట్టినచో పొడిచి చంపును. మూడు దినములు దాటిన పిల్లలనైనచో అవియే దానిని తల్లిగా నంగీకరింపవు. మొత్తము పదునైదు పిల్లలకు మించరాదు, రెక్కలు చాలవు. ఈ విధముగా పెంచిన పిల్లలు మూడవ వారమునకే తల్లి కూతకు చాటుకు చేరుట నేర్చినవి.

రెండవ కావలి చాటు. గ్రద్దకు దిగి లేచుటకు చోటు కావలెనని పైన చెప్పితిని. ఆ చోటు లేకుండ చేయుటయే పని. పెరటి నడుమ అక్కడక్కడ తుమ్మకంపయో రేగుకంపయో రెండడుగుల యెత్తున కుప్పలుగా వేసినచో పిల్లలు క్రింద దూఱగలవు, గ్రద్ద దూఱలేదు. ఏ పిల్లకును చాటు ఐదాఱు గజములకు మించి దూరముండరాదు. మా పెరటిలో నాలుగు కుప్పలు వేసితిమి. ఖర్చు లేదు, ఒక పూట పని. రాత్రి వానిలో పాములు చేరునను భయము న్యాయమైనదే. అందుచే కుప్పను వారమునకొకమాఱు కఱ్ఱతో కదల్చి చోటు మార్చుచుండవలెను. ఇంటి గోడకు ఆనించి వేయరాదు.

అన్నింటికంటె నాకు నచ్చినది పందిరి. బీర, సొర, చిక్కుడు, దొండ పందిళ్ళు మన తాతలనాటినుండి పెరడులలో నున్నవే. దొండ పందిరి వేసవిలో కూడ నీరు పోసినచో పచ్చగా నుండును. నాలుగు గజముల పొడవు, మూడు గజముల వెడల్పు గల పందిరి క్రింద రెండు తల్లికోళ్ళు పిల్లలతో పగలంతయు మేయును. పేడపురుగులను కెలికి తిని, పాదుకు ఎరువు వేయును. పైన కాయ, క్రింద కోడి. లేతపాదును మాత్రము అడుగు ఎత్తు వచ్చువఱకు కంపతో కాపాడవలెను, లేనిచో మొదలే పెకలించును. తాటాకులు దొరకు గోదావరి, విశాఖ ప్రాంతములవారు తాటాకు పందిరి వేసికొనవచ్చును. నీడ హెచ్చు, గాలివాన వచ్చినచో ఎగిరిపోవును.

పందిరి పాకువఱకు తాత్కాలికముగా పెరటిపై గుంజనుండి గుంజకు అడుగు, అడుగున్నర యెడముతో దారములు కట్టవచ్చును. మెఱయు ఎఱుపుతెలుపు పట్టీలైనచో ఇంకను మేలు. ఐదడుగుల రెక్కలు గల గ్రద్ద ఆ దారముల నడుమ దిగుటకు సాహసింపదు. కాని డేగకు అవి లెక్కలేదు. చెట్ల గుబుర్లు ఇంటినానుకొని యున్నవారు వల కట్టియే తీరవలెను. పాతబడిన చేపలవలలు తీరగ్రామములలో చౌకగా దొరకును. కన్ను రెండంగుళములకు మించని వలనే కొనవలెను. వదులుగా వ్రేలాడనీయక బిగించి కట్టుడు; వదులు వలలో పిట్టలును, పాములును చిక్కి చచ్చును. చిక్కిన పక్షిని గుడ్డ కప్పి విడిపించి వదలుడు. వారమునకొకసారి వలను తడిమి చూచుట పిల్లలకు అప్పగింపదగిన పని.

అద్దపు ముక్కలు, పాత పాటల చక్రములు, దిష్టిబొమ్మలు, వ్రేలాడదీసిన కాకి రెక్కలు మొదలగువానిని గుఱించి అడిగెదరు. మొదటి వారము పనిచేయును. గ్రద్ద తెలివిగలది, కదలని బొమ్మను నాలుగవనాటికి కనిపెట్టి దాని తలపైననే కూర్చుండును. ప్రతి రెండు దినములకు చోటు మార్చువారికి కొంత ప్రయోజనము గలదు. కొందరు పిల్లల వీపులకు గులాబిరంగు, పసుపు పూయుదురు. గ్రద్ద ఆ వింత వన్నెను చూచి తినదగిన వస్తువు కాదని శంకించునని వారి నమ్మకము. మా పెరటిలో పూసినవియు పోయినవి, పూయనివియు పోయినవి. రంగునీటిలో తడిసిన పిల్లలకు చలి కొట్టినది మాత్రము నిశ్చయము.

మనము చేయు తప్పొకటి గలదు. కోడిని కోసిన ప్రేగులను, చేపల పొట్టులను, చచ్చిన పిల్లలను పెంటకుప్పమీద విసరుదుము. గ్రద్దకు అదే ఆహ్వానపత్రిక. ఒకసారి తిండి దొరకిన చోటికి అది మఱునాడు అదే వేళకు వచ్చును; పెంటకుప్ప వట్టిదైనప్పుడు ప్రక్కనున్న పిల్లను చూచును. వ్యర్థమును అడుగున్నర లోతున పాతిపెట్టుట, ఎరువునకు ఎరువు, కాపుదలకు కాపుదల.

పసులపోలిగాడును గుఱించి చెప్పక యీ విషయము ముగియదు. గేదె వీపుపై కూర్చుండి పురుగులను పట్టు ఆ నల్లని, చీలిన తోక పిట్టను ఏట్రింత యనియు కొన్నిచోట్ల పిలుతురు. వేసవిలో అది గూడు పెట్టిన చెట్టుదాపునకు గ్రద్ద గాని, కాకి గాని వచ్చినచో తనకు ఎన్నోరెట్లు మించిన బరువు గల శత్రువును వెన్నంటి, వీపున పొడిచి, యూరి పొలిమేర దాటువఱకు తరుమును. ఆ ధైర్యమునెఱిగి చిన్నపిట్టలు దాని గూటి ప్రక్కననే తమ గూళ్ళు పెట్టుకొనును. మనమును ఆ పిట్టల తెలివిని నేర్చుకొనవచ్చును. పైరులో పురుగులను తినుటకై పొలమున నాటు పక్షికొయ్యల వంటివి రెండు పెరటి కంచెలో నాటితిమి. పసులపోలిగాడు వచ్చి కూర్చుండినది. గూడు మాత్రము ఎదుటివారి వేపచెట్టున పెట్టినది. అయినను దాని పాలన మా పెరటివఱకు సాగినది.

కోళ్ళేగాక పావురములను, కుందేళ్ళను ముచ్చటకు పెంచువారు గలరు. పావురములకు డేగయే గాక, చలికాలమున బైరి కూడ శత్రువు. అది మిన్నులో ఎగురుచున్న పావురమునే పైనుండి కొట్టి పట్టును. డేగ కనబడిన దినములలో పావురములను రెండుమూడు వారములు గూటిలోనే మేపినచో అది వేఱుచోటు వెదకికొనును. కుందేలు పిల్లలను పైకప్పు లేని దొడ్డిలో విడువరాదు. కుక్కపిల్లను, పిల్లికూనను గ్రద్ద యెత్తుకొనిపోవునని భయపడువారు అవి కన్నులు తెఱచి నెలదినములైన పిమ్మట నిశ్చింతగా నుండవచ్చును.

సంఘముల మాటకు వచ్చెదను. ఒక్కొక్క గృహిణి ఐదు గజముల వలకై పట్టణము పోయి కొన్నచో బండిఖర్చు వలఖర్చును మించును. సంఘము తరపున ఒక చుట్ట కొని, కొలిచి, సభ్యులకు కొన్నవెలకే యిచ్చి, వెలను గ్రుడ్ల పైకముమీద మూడు నాలుగు వాయిదాలలో వసూలుచేసికొనుట కష్టము కాదు. యంత్రపు పిల్లలను తెప్పించు దినమును ముందుగా చాటించినచో పొదుగుపెట్టలున్నవారు సిద్ధపడుదురు. రాణీఖేత్ చుక్కమందు సీసా విప్పినచో నూఱు పిల్లలకు వచ్చును, తెఱచిన వెంటనే వాడవలెను. ఒక్క యింట పది పిల్లలకై యెవరును కొనరు. వీధి పిల్లలన్నింటికి ఒకేనాడు వేయించుట సంఘము చేయవలసిన పని. మా సంఘములో ఈ ప్రతిపాదన వచ్చినపుడు, ఇది ఆడవారి వ్యవహారమని ఒక సభ్యుడు నవ్వెను. ఆయన యింటి గ్రుడ్ల పైకముతోనే ఆయన వాటాధనము కట్టబడినదని ఆయన భార్య పలికినది. తీర్మానము ఏకగ్రీవమైనది.

మా వీధి చివరి వృద్ధురాలు 2024 కార్తీకమున రెండు పెట్టలను ఒక్కసారి పొదిగించినది. గుంజలు మేమిచ్చితిమి, వల సంఘమిచ్చినది, దొండతీగ ఆమెదే. ఇరువదిరెండు పిల్లలు దిగినవి. ఒకటి నీటితొట్టిలో పడినది, రెండు వల అంచునుండి దూఱి పోయి డేగకు చిక్కినవి, ఒకటి ఏమైనదో తెలియదు. పదునెనిమిది నిలిచినవి. వల అంచును ఇప్పుడు మట్టిలో అడుగు లోతున పూడ్చి, పైన రాళ్ళు పెట్టినది. చింతచెట్టు పైన గ్రద్ద గూడు నేటికిని అట్లే యున్నది.